గోదావరి డెల్టా ఇళ్ళకు పోర్టబుల్ జనరేటర్: ఎంపిక, అమరిక, వాడకం

తుఫానుల కాలం దగ్గర పడుతున్నకొద్దీ పాఠకుల నుంచి పదేపదే వస్తున్న ప్రశ్న ఒకటే: "మా ఇంటికి ఎన్ని కేవీఏ జనరేటర్ కావాలి?" (కేవీఏ అంటే జనరేటర్ ఇవ్వగల శక్తికి కొలత; ఒక కేవీఏ అంటే వెయ్యి వాట్ల లోపు.) చాలామంది గదుల లెక్కా, ఫ్యాన్ల లెక్కా చెప్పి జవాబు అడుగుతున్నారు. మన ప్రాంతంలో జనరేటర్ సైజును నిర్ణయించేది ఫ్యాన్లూ లైట్లూ కావు, నీళ్ళ మోటారు. స్తంభాలు ఒరిగిపోయి రెండు మూడు రోజులు కరెంటు రానప్పుడు ఇంటిల్లిపాదినీ ముందుగా ఇబ్బంది పెట్టేది చీకటి కన్నా ఖాళీ అయిన ట్యాంకు.

మరొక మాట కూడా మొదటే చెప్పుకోవాలి. రోజంతా నడపాలన్న ఆలోచనతో జనరేటర్ కొంటే పెద్ద యంత్రం కొనవలసి వస్తుంది, దానికి సరిపడా పెట్రోలు మాత్రం దొరకదు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నడిపి, ఆ సమయంలో ట్యాంకు నింపుకుని, ఫ్రిజ్ చల్లబరచుకుని, ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జ్ చేసుకుని, రాత్రిని బ్యాటరీ మీద గడిపే పద్ధతి అన్ని విధాలా మేలు. ఈ మార్గదర్శి అంతా ఆ పద్ధతిని దృష్టిలో పెట్టుకుని రాసినదే.

1. కొనే ముందు తేల్చుకోవలసినవి

దుకాణానికి వెళ్ళే ముందే కింది ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకోవాలి.

☐ కరెంటు లేకపోయినా తప్పనిసరిగా నడవవలసినవి ఏవి? ఇంట్లో ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్, ఆక్సిజన్ కాన్సంట్రేటర్, నెబ్యులైజర్ వంటివి ఉంటే వాటిని పైన రాయాలి.
☐ నీళ్ళ మోటారు ఎన్ని హెచ్‌పీ? సింగిల్ ఫేజా, త్రీ ఫేజా?
☐ బ్యాటరీ ఇన్వర్టర్ ఉందా? ఉంటే బ్యాటరీ ఎన్ని ఆంపియర్ అవర్లు?
☐ ఇంటి గోడలకూ కిటికీలకూ దూరంగా, వరద నీరు అందని ఎత్తులో యంత్రం పెట్టే చోటు ఉందా?
☐ తాడు లాగి స్టార్ట్ చేయగలిగినవారు ఇంట్లో ఎప్పుడూ ఉంటారా? పెద్దవాళ్ళు ఇద్దరే ఉండే ఇల్లయితే సెల్ఫ్ స్టార్ట్ ఉన్న మోడల్ తప్పనిసరి.

అపార్ట్‌మెంటులో ఉండేవారు ఇక్కడే ఆగాలి. బాల్కనీలో పెట్రోల్ జనరేటర్ నడపడం ప్రాణాంతకం, పై అంతస్తులో పెట్రోలు నిల్వ చేయడం ప్రమాదకరం. వారు ఆ డబ్బును పెద్ద బ్యాటరీ మీదా, తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్ల మీదా పెట్టడం మంచిది.

భీమవరం, ఆకివీడు వైపు చెరువులున్న రైతులు ఇంటి జనరేటర్‌తోనే ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) కూడా నడపవచ్చా అని అడుగుతుంటారు. నడపకూడదు. ఏరియేటర్లకు గంటల తరబడి నిలకడగా నడిచే డీజిల్ సెట్ వేరుగా ఉండాలి. ఇంటి కోసం కొన్న చిన్న యంత్రాన్ని చెరువు గట్టుకు తీసుకెళితే చెరువుకూ ఇంటికీ రెంటికీ చెడుతుంది.

2. లోడు లెక్క రాసుకోవడం

ప్రతి పరికరం వెనుకా ఉండే ప్లేటు మీద వాట్లు గానీ ఆంపియర్లు గానీ రాసి ఉంటాయి. ఆంపియర్లు మాత్రమే ఉంటే 230తో గుణించాలి. ప్లేటు కనిపించకపోతే ఈ అంచనాలు వాడుకోవచ్చు: మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30, ఎల్‌ఈడీ బల్బు 9, ఎల్‌ఈడీ ట్యూబు 20, 43 అంగుళాల టీవీ 80 నుంచి 100, ఫ్రిజ్ నడిచేటప్పుడు 150 నుంచి 200, మిక్సీ 500 నుంచి 750.

చాలామంది మరచిపోయేది ఇన్వర్టర్ ఛార్జింగ్. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఖాళీ అయి ఉన్నప్పుడు ఇన్వర్టర్ దాదాపు 300 నుంచి 400 వాట్లు తీసుకుంటుంది. దీనిని లెక్కలో కలపకపోతే మిగతా లెక్కంతా తప్పుతుంది.

గీజరు, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్, హీటర్ రాడ్ ఈ జాబితాలోకి రాకూడదు. వీటిలో ఒక్కొక్కటి 1000 నుంచి 2000 వాట్లు లాగుతుంది. వంటకు గ్యాసు ఉన్నప్పుడు ఒక్క ఇండక్షన్ స్టవ్ కోసం యంత్రం సైజు పెంచడం వృథా. ఏసీ విషయంలోనూ నా అభిప్రాయం ఇదే. రోగికి తప్పనిసరి అయితే తప్ప దానిని జనరేటర్ లెక్కలో చేర్చకూడదు.

ఒక సాధారణ డాబా ఇంటి లెక్క ఇలా వస్తుంది. ఫ్యాన్లు మూడు 225, బల్బులు ఆరు 54, ఫ్రిజ్ 180, ఇన్వర్టర్ ఛార్జింగ్ 350, టీవీ 80, ఫోన్లూ వైఫై 40. మొత్తం 929 వాట్లు. ఇంతవరకు చూస్తే 1.5 కేవీఏ యంత్రం చాలుననిపిస్తుంది. చిక్కు మోటారు దగ్గర వస్తుంది.

3. మోటారు ఎత్తుకునే బలాన్ని బట్టి సైజు

ఒక హెచ్‌పీ అంటే మోటారు బయటకు ఇచ్చే శక్తి 746 వాట్లు. లోపలి నష్టాలు కలుపుకుంటే అది తీసుకునేది దాదాపు 1100 వాట్లు. అయితే నిలిచి ఉన్న మోటారు కదలడం మొదలుపెట్టే ఒకటి రెండు సెకన్లలో మామూలు కరెంటుకు మూడు రెట్ల నుంచి ఆరు రెట్ల వరకు లాగుతుంది. ఆ ఒకటి రెండు సెకన్లను తట్టుకోలేని జనరేటర్ వోల్టేజీ పడిపోతుంది. మోటారు తిరగకుండా గుంయ్‌మని మోగుతుంది. అలాగే వదిలేస్తే వైండింగ్ కాలిపోతుంది.

ఇతర లోడ్లన్నీ ఆపి మోటారును ఒక్కదానినే ముందుగా స్టార్ట్ చేస్తామనుకుంటే, సుమారుగా ఈ సైజులు కావాలి:

• అర హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏ
• ఒక హెచ్‌పీ మోటారుకు 3 నుంచి 3.5 కేవీఏ
• ఒకటిన్నర హెచ్‌పీ మోటారుకు 5 కేవీఏ

ఇవి మొదటి అంచనాలు మాత్రమే. మీ మోటారు అసలు ఎంత లాగుతుందో ఎలక్ట్రీషియన్ టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటర్) పెట్టి రెండు నిమిషాల్లో చెప్పగలడు. స్టార్ట్ అయ్యే క్షణంలోని గరిష్ఠ ఆంపియర్లను పట్టి చూపే సౌకర్యం ఉన్న టెస్టర్‌ను వాడమని అడగాలి. మామూలు టెస్టర్ ఆ క్షణాన్ని చూపలేదు. బోరులోని సబ్‌మెర్సిబుల్ మోటారు, సంపు మీది మోనోబ్లాక్ మోటారు ఒకే హెచ్‌పీ అయినా ఒకేలా లాగవు. సబ్‌మెర్సిబుల్ ఎక్కువ తీసుకుంటుంది.

ఇక్కడ డబ్బు ఆదా చేసే మార్గం ఒకటి ఉంది. తీరానికి దగ్గరగా బోరు నీరు ఉప్పగా ఉండే ఊళ్ళలో చాలా ఇళ్ళు కుళాయి నీటిని సంపులోకి పట్టి, అక్కడి నుంచి డాబా మీది ట్యాంకుకు ఎక్కిస్తాయి. ఆ ఎత్తు 30 అడుగులకు మించకపోతే అర హెచ్‌పీ మోటారు చాలు. అలవాటుగా బిగించిన ఒక హెచ్‌పీ మోటారు తీసి అర హెచ్‌పీ పెట్టుకుంటే జనరేటర్ 3 కేవీఏ నుంచి 2 కేవీఏకి దిగుతుంది. యంత్రం ధర, పెట్రోలు, బరువు మూడూ తగ్గుతాయి.

త్రీ ఫేజ్ మోటారు ఉన్నవారు సింగిల్ ఫేజ్ పోర్టబుల్ జనరేటర్‌తో దానిని నడపలేరు. అటువంటి ఇంట్లో తుఫాను రోజుల కోసం సంపు మీద ఒక చిన్న సింగిల్ ఫేజ్ మోటారు అదనంగా పెట్టుకోవడం తేలిక.

పై ఉదాహరణలోని ఇంటికి ఒక హెచ్‌పీ మోటారు ఉంటే, మోటారు నడుస్తుండగా మిగతావన్నీ వేసినా మొత్తం 2030 వాట్ల దగ్గర ఆగుతుంది. 3 కేవీఏ యంత్రం సరిపోతుంది. యంత్రం ప్లేటు మీద 'మాగ్జిమం' (కొద్దిసేపు మాత్రమే ఇవ్వగలది), 'రేటెడ్' (నిలకడగా ఇవ్వగలది) అని రెండు అంకెలుంటాయి. దుకాణదారు మొదటి అంకె చెబుతాడు. మన లెక్క రెండో అంకెతో వేసుకోవాలి. నిలకడగా నడిచే లోడు ఆ రేటెడ్ అంకెలో 75 నుంచి 80 శాతం దాటకూడదు.

4. ఏ రకం యంత్రం

మార్కెట్లో ఇంటికి పనికివచ్చేవి ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది ఇనుప చట్రంలో ఉండే మామూలు పెట్రోల్ జనరేటర్. లోడు ఉన్నా లేకపోయినా ఇంజన్ నిమిషానికి 3000 చుట్ల వేగంతోనే తిరుగుతుంది. అందువల్లే 50 హెర్ట్జ్ కరెంటు వస్తుంది. శబ్దం ఎక్కువ, తక్కువ లోడు మీద పెట్రోలు దండగ. కానీ మోటారును ఎత్తుకోవడంలో గట్టిది, ఊరి మెకానిక్ బాగు చేయగలడు. కొనేటప్పుడు ఏవీఆర్ ఉన్నదే తీసుకోవాలి. వోల్టేజీని అదుపులో ఉంచేది అదే.

రెండోది ఇన్వర్టర్ జనరేటర్. దీనికీ ఇంట్లోని బ్యాటరీ ఇన్వర్టర్‌కూ సంబంధం లేదు. ఇది కూడా పెట్రోలుతో నడిచేదే. లోడును బట్టి ఇంజన్ వేగం మారుతుంది, శబ్దం తక్కువ, కరెంటు అల శుద్ధంగా ఉంటుంది. 2 కేవీఏ యంత్రం 20 కిలోలకు కాస్త అటూఇటూగా ఉంటుంది కాబట్టి ఒక్కరే మోయవచ్చు. ధర మామూలు రకం కన్నా చాలా ఎక్కువ. ఎలక్ట్రానిక్ బోర్డు చెడితే ఖర్చూ ఎక్కువే.

నా సిఫారసు ఇది: ఒక హెచ్‌పీ మోటారు ఉన్న ఇంటికి ఏవీఆర్ ఉన్న 3 కేవీఏ మామూలు పెట్రోల్ యంత్రం. అర హెచ్‌పీ మోటారు ఉన్న ఇంటికి, లేదా ఆక్సిజన్ కాన్సంట్రేటర్ వంటి సున్నితమైన పరికరాలున్న ఇంటికి 2 కేవీఏ ఇన్వర్టర్ జనరేటర్. లంక గ్రామాలవారికి మోటారు ఏదైనా బరువు ముఖ్యం. వరద వస్తే యంత్రాన్ని డాబా మీదికో పడవలోకో ఎక్కించాలి. 5 కేవీఏ యంత్రం 80 కిలోలు దాటుతుంది, దానిని మెట్లెక్కించడానికి నలుగురు కావాలి.

చిన్న డీజిల్ యంత్రాలు మన్నికైనవే గానీ బరువు, అదురు, శబ్దం ఎక్కువ. రోజుకు ఎనిమిది గంటలు నడపవలసిన అవసరం ఉన్నవారికి మాత్రమే అవి తగినవి. కిరోసిన్ మీద నడిచే పాత రకాల జోలికి పోవద్దు. వంట సిలిండర్‌తో నడిచేలా మార్పించడం కూడా వద్దు.

5. పెట్రోలు లెక్క, నిల్వ

3 కేవీఏ యంత్రం సగం లోడు మీద గంటకు సుమారు లీటరు నుంచి లీటరుంబావు వరకు తాగుతుంది. రోజుకు నాలుగు గంటలు నడిపితే 4 నుంచి 5 లీటర్లు. ఐదు రోజులకు 20 నుంచి 25 లీటర్లు. అదే రోజంతా నడిపితే ఒక్క రోజుకే ఆ పెట్రోలు అయిపోతుంది.

పెట్రోలియం చట్టం, 1934 ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలును లైసెన్సు లేకుండా 30 లీటర్ల వరకే ఉంచుకోవచ్చు. ఒక్కో డబ్బా 25 లీటర్లు మించకూడదు. గాజు సీసా అయితే లీటరుకు మించకూడదు. పెట్రోలు కోసమే చేసిన లోహపు డబ్బాలు వాడాలి. తాగునీటి టిన్నుల్లో, నూనె క్యాన్లలో పోయకూడదు. డబ్బా అంచు వరకు నింపక కొంత ఖాళీ వదలాలి. వంటగదికీ, దేవుడి గదికీ, ఇన్వర్టర్ బ్యాటరీకీ దూరంగా, ఎండ తగలని బయటి గదిలో పెట్టాలి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన డెల్టా గాలిలో తేమకు కొరత లేదు. అందువల్ల జూన్‌లో కొన్న పెట్రోలును నవంబరు వరకు దాచకూడదు. నెలా రెండు నెలలకు ఒకసారి దానిని స్కూటర్‌లో పోసి వాడేసి, కొత్తది తెచ్చుకోవాలి. కొత్త యంత్రం కొనేటప్పుడు ఈ ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకు అది తగినదేనా అని తయారీదారు పుస్తకంలో చూసుకోవాలి.

6. చోటు

జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషి మత్తుగా ఉందనుకునేలోపే స్పృహ తప్పుతుంది. గదిలో, వరండాలో, మెట్ల కింద, మూసిన గ్యారేజీలో నడపడం ఎంతమాత్రం కుదరదు. కిటికీ తెరిచి ఉంచినంత మాత్రాన, ఫ్యాను వేసినంత మాత్రాన ప్రమాదం తగ్గదు. ఇంటి తలుపులకూ కిటికీలకూ కనీసం 20 అడుగుల దూరంలో, సైలెన్సర్ మూతి ఇంటికి ఎదురు దిక్కుకు ఉండేలా పెట్టాలి. పక్కింటివారి కిటికీ కూడా ఈ లెక్కలోకి వస్తుంది.

పెరట్లో చోటు చూసేటప్పుడు మన ప్రాంతానికి ప్రత్యేకమైన కొన్ని జాగ్రత్తలున్నాయి. కొబ్బరి చెట్టు కింద పెట్టకూడదు, కాయో మట్టో పడితే యంత్రం పాడవుతుంది, దగ్గర ఉన్న మనిషికీ ప్రమాదమే. సైలెన్సర్ బాగా కాలుతుంది కాబట్టి తాటాకు పాకకూ, గడ్డిమేటుకూ, ఎండు కొబ్బరి డొక్కల గుట్టకూ దగ్గరగా ఉండరాదు. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వంటి తీర గ్రామాల్లో ఉప్పు గాలికి టెర్మినళ్ళు త్వరగా తుప్పు పడతాయి. అక్కడివారు నెలకొకసారి టెర్మినళ్ళు తుడిచి, పలుచగా పెట్రోలియం జెల్లీ రాయాలి.

అడుగున నేల మీద కాక, ఇటుకలతో గానీ కాంక్రీటుతో గానీ అరుగు కట్టించాలి. ఎత్తు ఎంత అన్నది మీ ఇంటి గోడే చెబుతుంది. 2022 జూలై గోదావరి వరదకు నీరు నిలిచిన చారిక ఉంటే, దానికి పై ఎత్తు తీసుకోవాలి. అంత ఎత్తు కట్టడం సాధ్యం కాని లంక ఇళ్ళలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరి వరద హెచ్చరికలను గుర్తుగా పెట్టుకోవచ్చు. 10 లక్షల క్యూసెక్కుల దగ్గర మొదటి హెచ్చరిక ఇవ్వగానే పెట్రోలు సిద్ధం చేసుకోవాలి, 13 లక్షల దగ్గర రెండో హెచ్చరిక వచ్చేలోపే యంత్రం డాబా మీద ఉండాలి. డాబా మీద నడిపేటప్పుడు మెట్ల గది తలుపు మూసి, పొగ అటు వెళ్ళకుండా చూసుకోవాలి.

పైన రేకు కప్పు ఉండాలి గానీ చుట్టూ గోడలు ఉండకూడదు. గాలివాన ఉధృతంగా ఉన్న గంటల్లో జనరేటర్ నడపకండి. ఆ సమయానికి బ్యాటరీ ఉంది. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోకూడదు.

7. ఇంటి వైరింగుకు కలపడం

ఈ భాగం పని తెలిసిన, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయవలసినది. అయితే ఏమి చేయించుకోవాలో ఇంటి యజమానికి తెలిసి ఉండాలి.

రెండు చివర్లా పిన్నులున్న వైరు తయారు చేసి, ఒక చివర జనరేటర్‌లో, మరో చివర గోడ సాకెట్‌లో పెట్టే అలవాటు అక్కడక్కడా ఉంది. ఇది చేయకండి. మెయిన్ స్విచ్ ఆపడం మరచిన ఒక్క క్షణంలో ఆ కరెంటు సర్వీసు వైరు గుండా వీధిలోకి వెళుతుంది. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దానిని తిరగేసి 11 కేవీ లైను మీద వేల వోల్టులుగా మారుస్తుంది. తుఫాను తరువాత తెగిన తీగలు కలుపుతూ స్తంభం మీద ఉన్న లైన్‌మన్ చేతికి తగిలేది అదే. లైను ఆపి ఉందన్న నమ్మకంతో అతను ఎక్కి ఉంటాడు.

దీనికి సరైన ఏర్పాటు చేంజోవర్ స్విచ్, అంటే ఇంటిని ఒకసారికి లైనుకో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే స్విచ్. మధ్యలో ఆఫ్ స్థానం ఉన్నది తీసుకోవాలి: ఒకవైపు లైను, మధ్య సున్నా, మరోవైపు జనరేటర్. సింగిల్ ఫేజ్ ఇంటికి రెండు పోళ్ళది, అంటే ఫేజునూ న్యూట్రల్‌నూ రెంటినీ మార్చేది కావాలి. ఫేజు ఒక్కటే మార్చే స్విచ్ పనికిరాదు. త్రీ ఫేజ్ సర్వీసు ఉన్న ఇంట్లో అవసరమైన లైట్లూ ఫ్యాన్లూ ఫ్రిజ్ మోటారు సర్క్యూట్లను వేరే చిన్న డీబీలోకి (బ్రేకర్లుండే పంపిణీ పెట్టె) తెచ్చి, దానికి మాత్రం రెండు పోళ్ళ చేంజోవర్ పెట్టించడం శుభ్రమైన పద్ధతి. స్విచ్‌కు లైను వైపు ఒక ఇండికేటర్ బల్బు పెట్టిస్తే, జనరేటర్ నడుస్తుండగా కరెంటు వచ్చిన సంగతి తెలుస్తుంది.

కేబుల్ విషయంలో పొదుపు వద్దు. 20 మీటర్ల దూరంలో ఉన్న యంత్రం నుంచి మోటారు స్టార్ట్ అయ్యే క్షణాన 50 ఆంపియర్లు ప్రవహిస్తే, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌లోనే దాదాపు 29 వోల్టులు పోతాయి. 2.5 అయితే 18, 4 అయితే 11. మోటారు ఎత్తుకోవడానికీ మానడానికీ తేడా తరచు ఇక్కడే ఉంటుంది. 3 కేవీఏకి కనీసం 2.5, దూరం ఎక్కువైతే 4 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి కేబుల్ వేయించాలి.

ఎర్తింగ్ తప్పనిసరి. ఉప్పు నేలల్లో ఇనుప పైపు కొన్నేళ్ళకే తినేస్తుంది కాబట్టి రాగి పూత ఉన్న రాడ్డు మంచిది, ఏడాదికొకసారి పరీక్ష చేయించాలి. పోర్టబుల్ జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ ఎర్త్‌కు కలిపి ఉండదు. అలా వదిలేస్తే ఇంట్లో షాక్ కొట్టినా ఆర్‌సీసీబీ (షాక్ తగిలితే కరెంటు ఆపే స్విచ్) పడకపోవచ్చు. చేంజోవర్ రెండు పోళ్ళూ మార్చేదైనప్పుడు, జనరేటర్ దగ్గరే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపమని ఎలక్ట్రీషియన్‌ను అడగాలి. ఇన్వర్టర్ జనరేటర్ అయితే ముందు తయారీదారు పుస్తకం చూడాలి. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే పడింది కదా అని తృప్తి పడవద్దు. ఆ బటన్ ఈ కలయికను పరీక్షించదు. జనరేటర్ నడుస్తుండగా న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటర్ పెట్టి, సున్నాకు దగ్గరగా ఉందో లేదో చూడాలి. వంద వోల్టుల దాకా చూపిస్తే కలపలేదని అర్థం.

ఇంటి మీద సోలార్ పలకలున్నవారికి ఒక హెచ్చరిక. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (లైనుకు కలిపి నడిచే) సోలార్, లైను కరెంటు పోగానే ఆగిపోతుంది. జనరేటర్ కరెంటును చూసి, లైను వచ్చిందనుకుని అది మళ్ళీ పనిచేయడం మొదలుపెడితే, మిగులు కరెంటు జనరేటర్‌లోకే వెళ్ళి దానిని పాడు చేస్తుంది. అందువల్ల సోలార్ కలిసే చోటు చేంజోవర్‌కు లైను వైపునే ఉండాలి, జనరేటర్ వైపు ఉండకూడదు.

8. దుకాణంలో చూడవలసినవి

☐ మీ ఊరికి దగ్గరలో, రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం ఎక్కడైనా, ఆ మోడల్‌కు సర్వీసు చేసేవారున్నారా? కార్బురేటర్, ఏవీఆర్, తాడు స్ప్రింగ్ దొరుకుతాయా?
☐ వైండింగ్ రాగిదా, అల్యూమినియమా? బిల్లు మీద రాయించుకోవాలి.
☐ ఆయిల్ తగ్గితే తనంతట తానే ఆగే సౌకర్యం ఉందా?
☐ గంటల మీటర్ ఉందా?
☐ కాలుష్య నియంత్రణ ప్రమాణాల స్టిక్కర్ ఉందా?

దుకాణంలోనే 1500 వాట్ల హీటర్ రాడ్డుతో లోడు పెట్టించి మల్టీమీటర్‌తో చూడాలి. ఖాళీగా 230 వోల్టులున్నది లోడు మీద 215 కన్నా పడకూడదు. హీటర్ రాడ్డును ఎత్తుకోగలిగిన యంత్రం మోటారును ఎత్తుకుంటుందన్న హామీ లేదు కాబట్టి, ఇంటి మోటారు మీద పరీక్షించి సరిపోకపోతే పెద్దది మార్చి ఇచ్చే షరతు ముందే మాట్లాడుకోవాలి.

సెకండ్ హ్యాండ్ యంత్రాల్లో చెరువుల మీద, పెళ్ళి పందిళ్ళలో నడిచినవి ఎక్కువ. గంటల మీటర్ లేని యంత్రం వయసు తెలుసుకునే దారి లేదు. వాటిని నేను సిఫారసు చేయను.

9. నడిపే క్రమం

కొత్త యంత్రం సాధారణంగా ఆయిల్ లేకుండా వస్తుంది. పుస్తకంలో చెప్పిన ఆయిల్‌ను గుర్తు వరకు పోయకుండా తాడు లాగకూడదు. ఆ తరువాత ప్రతిసారీ ఈ క్రమం పాటించాలి.

1. ఆయిల్, పెట్రోలు చూడాలి. యంత్రం సమంగా ఉన్న నేల మీద ఉండాలి.
2. చేంజోవర్‌ను సున్నాకు తేవాలి. డీబీలోని ఎంసీబీలన్నీ (బ్రేకర్లు) దించాలి.
3. చోక్ వేసి స్టార్ట్ చేసి, రెండు మూడు నిమిషాలు ఖాళీగా నడవనివ్వాలి. వోల్టేజీ చూసుకోవాలి.
4. చేంజోవర్‌ను జనరేటర్ వైపు వేయాలి.
5. మోటారును మాత్రమే ముందుగా వేయాలి. అది నిలకడగా తిరిగాక ఒక నిమిషం ఆగాలి.
6. తరువాత ఫ్రిజ్, మరో నిమిషం తరువాత ఇన్వర్టర్, చివర ఫ్యాన్లూ లైట్లూ.
7. ట్యాంకు నిండాక మోటారు ఆపి, అప్పుడు మిక్సీ వంటివి వాడుకోవచ్చు.
8. ఆపేటప్పుడు ముందు లోడ్లు తీసి, చేంజోవర్ సున్నాకు తెచ్చి, రెండు నిమిషాలు ఖాళీగా నడిపి ఆపాలి. పెట్రోలు కాక్ కట్టాలి.

నడుస్తున్న యంత్రంలో పెట్రోలు పోయకూడదు. ఆపి, 15 నిమిషాలు చల్లారనిచ్చి పోయాలి. పోసిన ప్రతిసారీ ఆయిల్ కూడా చూడాలి. తలుపు తీయకుండా ఉంచిన ఫ్రిజ్ చల్లదనం దాదాపు నాలుగు గంటలు నిలుస్తుంది కాబట్టి, జనరేటర్ ఆపాక ఇంట్లో పిల్లలకు ఆ మాట చెప్పి ఉంచాలి.

10. తరచు వచ్చే ఇబ్బందులు, సవరణలు

మోటారు గుంయ్‌మంటూ తిరగదు. వెంటనే ఆపాలి. ఇతర లోడ్లు వేసి ఉన్నాయేమో చూడాలి. అవి లేకపోతే మోటారు కదలడానికి సాయపడే కెపాసిటర్ బలహీనపడి ఉండవచ్చు. లైను కరెంటు మీద ఎలాగో లాక్కొచ్చే పాత కెపాసిటర్ జనరేటర్ మీద బయటపడుతుంది. అదీ సరిగా ఉంటే కేబుల్ సన్నమై ఉంటుంది.

ఇన్వర్టర్ ఛార్జ్ కాదు. ఎక్కువ మంది పిలిచి అడిగేది ఇదే. ఇన్వర్టర్ వెనుక యూపీఎస్, నార్మల్ అని స్విచ్ ఉంటుంది. యూపీఎస్ స్థానంలో అది వోల్టేజీ హెచ్చుతగ్గులను ఒప్పుకోదు. నార్మల్ స్థానానికి మార్చితే చాలావరకు ఛార్జింగ్ మొదలవుతుంది. అప్పటికీ కాకపోతే ఇంజన్ వేగం సరిచేయించాలి.

కొద్దిసేపు నడిచి ఆగిపోతుంది. ఆయిల్ తగ్గిందా, పెట్రోలు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందా, పెట్రోలు పాతదా అన్న వరుసలో చూడాలి.

ఇంజన్ నడుస్తుంది, కరెంటు రాదు. యంత్రం మీది బ్రేకర్ పడిందేమో చూడాలి. పడకపోతే మెకానిక్ పని, మీరు విప్పవద్దు.

వీధిలో తీగ తెగి పడి ఉంది. అది చచ్చిన తీగ అనుకోకూడదు. ఎవరో ఒకరు ఇంట్లో జనరేటర్‌ను తప్పుగా కలిపి ఉండవచ్చు. దగ్గరకు వెళ్ళకుండా 1912కు ఫోన్ చేయాలి.

11. వాడని నెలల్లో

సీజను అయ్యాక ట్యాంకులోని పెట్రోలు తీసేసి, ఇంజన్ తనంతట తాను ఆగేవరకు నడిపి కార్బురేటర్ ఖాళీ చేయాలి. ప్లాస్టిక్ కవరుతో బిగించి చుట్టకూడదు, లోపల తేమ చేరి తుప్పు పడుతుంది. గాలి ఆడే గుడ్డ కప్పాలి. పెరటి గదిలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి, ఎయిర్ ఫిల్టర్‌లో గూడు పెడతాయి. స్టార్ట్ చేసే ముందు అక్కడ చూడాలి.

నెలకొకసారి కొద్దిగా పెట్రోలు పోసి, లోడు పెట్టి 15 నుంచి 20 నిమిషాలు నడపాలి. ఆయిల్ మార్పు పుస్తకం ప్రకారం చేయించాలి. చాలా యంత్రాలకు మొదటి 20 గంటల తరువాత ఒకసారి, ఆపైన ప్రతి 100 గంటలకు. తుఫాను తరువాత వరుసగా నడిపితే 100 గంటలు త్వరగానే వస్తాయి కాబట్టి ఒక ఆయిల్ డబ్బా, ఇంజన్‌కు ఒక స్పార్క్ ప్లగ్గు ఇంట్లో అదనంగా ఉంచాలి.

సెప్టెంబరు నెలాఖరుకు ఇవి పూర్తి కావాలి:

☐ ఆయిల్ మార్చడం, ప్లగ్గు శుభ్రం చేయడం
☐ తాడు ఎక్కడైనా నలిగిందేమో చూడడం
☐ మోటారు కెపాసిటర్ పరీక్ష
☐ ఎర్తింగ్, న్యూట్రల్ కలయిక పరీక్ష
☐ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్
☐ లైను మెయిన్ ఆపి, ఇంట్లో మరొకరి చేత పైన చెప్పిన క్రమమంతా ఒకసారి చేయించడం